అన్నయ్య గొంతు

యాభై ఎనిమిదో సంవత్సరం వేసవిలో మా అన్నయ్య సూర్రావు ఏలూరు వెళ్లి టేపురికార్డరు కొనుక్కొచ్చాడు. అప్పటికి మా తాడేపల్లిగూడెంలో రేడియో ఉన్న ఇళ్లే తక్కువ. మన మాట పట్టుకుని మనకే తిరిగి వినిపించే మిషను ఒకటుంటుందని చాలామంది విననైనా లేదు.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల పౌరాణిక నాటకంలో రాజు వేషమంటే సూర్రావే. ఆరడుగుల మనిషి. కిరీటం పెట్టుకుని తెర పక్కనుంచి అడుగు బయటపెడితే ముందు వరసలో ఏడుస్తున్న పిల్లల్ని తల్లులు మరిచిపోయేవారు. పద్యం ఎత్తుకుని చివర రాగం తీస్తే ఊరి బయట కల్లాల దాకా వెళ్లేది. జనం వన్స్‌మోర్ అని అరిచేవారు. అన్నయ్య మళ్లీ పాడేవాడు.

నేను వీర్రాజుని. ఆయన తమ్ముణ్ణి, ఆయన హార్మనిస్టుని కూడా. ఆయన పద్యాలు నేర్చుకునేటప్పుడు పక్కన కూర్చుని నేనూ అన్నీ నేర్చుకున్నాను. కాని చిన్నప్పుడు అమ్మవారు పోసి నా మొహమంతా గుంటలు పడ్డాయి, ఎడమ కన్ను తెల్లబడిపోయింది. అలాంటివాడికి వేషం ఎవరిస్తారు. కిరీటం పెడితే జనం నవ్వుతారు, కిరీటం తీస్తే జడుసుకుంటారు అని నేనే అనేసుకుని హార్మణీ ముందు కూర్చున్నాను. నాకు పెళ్లి కాలేదు. అన్నయ్య ఇంట్లోనే ఉండేవాణ్ణి. వదిన కనకరత్నం నాకు వేళకి అన్నం పెట్టేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. ఆవిడ గురించి చెడ్డగా చెప్పడానికి నాకేమీ లేదు.

ఏలూరులో ఒక ఇంజనీరు దొర సామాను అమ్ముతున్నాడన్న సంగతి మోసుకొచ్చినవాడు అబ్బాయిరాజు. గూడెంలో మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. మా నాటకాలన్నిటికీ అతని మైకులే. దొర స్వదేశం వెళ్లిపోతున్నాడు, అందులో జర్మనీ టేపురికార్డరు ఉంది అని అతను చెప్పిన మర్నాడే ముగ్గురం రైలెక్కాం.

బంగళా వరండాలో కుర్చీలు, పింగాణీ పళ్లేలు, గొడుగులు వరసగా పెట్టి ఉన్నాయి. మిషను చివర ఉంది. తోలుపెట్టెలా ఉంది. మూత ఎత్తితే రెండు చక్రాలు, వాటి మధ్య సన్నటి గోధుమరంగు రిబ్బను. పియానో మెట్లలాంటి మీటలు. ముందువైపు పచ్చగా వెలిగే ఒక కన్ను. దొర ఏదో మీట నొక్కి ఊరుకున్నాడు.

"ఇది పనిచేస్తుందంటావా?" అన్నాడు అన్నయ్య అబ్బాయిరాజుతో.

దొర చక్రాలు వెనక్కి తిప్పి ఇంకో మీట నొక్కాడు. "ఇది పనిచేస్తుందంటావా?" అంది మిషను.

అన్నయ్య తల తిప్పి వెనక్కి చూశాడు. "ఎవరయ్యా అది?"

"మీరేనండి," అన్నాడు అబ్బాయిరాజు.

"నా గొంతు అలా ఉండదు," అన్నాడు అన్నయ్య. అని నవ్వాడు. మేమూ నవ్వాం.

ఎంతకి కొన్నాడో ఎవరికీ చెప్పలేదు. వచ్చేటప్పుడు రైల్లో మిషను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. భీమడోలు దాటాక, కిటికీలోంచి బీడుపడ్డ చేలవైపు చూస్తూ అన్నాడు: "ఒరేయ్, ఇన్నేళ్లుగా నా పద్యం ఊళ్లన్నీ విన్నాయి. నేనొక్కణ్ణే వినలేదు. జనం ఎక్కడ కూర్చుని వింటారో అక్కడ కూర్చుని ఒక్కసారి వినాలిరా."

ఆయన అది వినకూడదని నాకు అప్పుడే అనిపించింది. ఎందుకంటే రెండేళ్ల నుంచి ఆయన గొంతు దిగిపోతోంది. పైస్థాయిలో చీలుతోంది. రాగం చివర నిలవడం లేదు. జనానికి తెలియకుండా నేను కాపు కాస్తూ వచ్చాను. ఆయన ఐదు శ్రుతి అడిగితే ముందు అర దించాను, తరవాత ఇంకో అర దించాను. గొంతు వణికే చోట హార్మణీ గట్టిగా తొక్కి కప్పేసేవాణ్ణి. ఆయనకి చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. పైగా వేషంలో ఉన్న మనిషి, చెమటా రంగూ కారుతూ, జనం అరుపుల మధ్య పాడుతున్న మనిషి, తన శ్రుతి తాను గమనించుకోడు.

*

ముందుగదిలో కిటికీలకి దుప్పట్లు కట్టాం, వీధి చప్పుడు రాకుండా. వదిన కోళ్లని గంప కింద మూసింది. ఎదురింటివాళ్లకి చెప్పి రోకళ్లు ఆపించింది. వడగాలి తలుపు సందుల్లోంచి ఈల వేస్తుంటే గోనెపట్టా తడిపి అడ్డం పెట్టాం. అన్నయ్య స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, మైకు ముందు నిలబడ్డాడు. సభకి దణ్ణం పెట్టినట్టు మిషనుకి దణ్ణం పెట్టాడు.

పాడాడు. రాజు అడవిలో భార్యని వెతుక్కునే సీనులోని పెద్ద పద్యం. పచ్చకన్ను ఆయన గొంతుతోపాటు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంది. అయిపోయాక ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుని, "పెట్టరా," అన్నాడు.

పెట్టాను.

సగం దాకా కదలకుండా విన్నాడు. తరవాత కరెంటు తక్కువగా ఉన్నట్టుందన్నాడు. మర్నాడు పొద్దున్నే, మిల్లులు ఇంకా మొదలవ్వకముందు మళ్లీ పాడాడు. మళ్లీ విన్నాడు. "నీ హార్మణీ ఎక్కువైపోయింది. అది లేకుండా పాడతాను," అన్నాడు.

హార్మణీ లేకుండా పాడాడు.

ఆ టేపు నేను వినలేకపోయాను. కప్పేవాడు లేక ఆ గొంతు ఒంటరిగా నిలబడింది. రాగం పైకి వెళ్లబోయి, వెళ్లలేక, పగిలి, కిందికి జారింది. జారిన చోటునుంచి మళ్లీ ఎక్కడానికి ప్రయత్నించింది. గదిలో ముగ్గురమే ఉన్నాం. వదిన పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"నీకు తెలుసా?" అన్నాడు అన్నయ్య.

నేను మీట నొక్కి టేపు ఆపాను.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లుగా శ్రుతి దించుతున్నాను అన్నయ్యా."

భుజం మీది తువ్వాలు తీసి మిషను మీద కప్పాడు. కప్పి బయటికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఎండలో, గొడుగు లేకుండా.

ఏలూరులో గొంతు డాక్టరుకి చూపించుకున్నాడు. ఆయన నోట్లో అద్దం పెట్టి చూసి, పాడ్డం మానేస్తే మాట్లాడ్డానికైనా గొంతు మిగులుతుందన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట వదినతో చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మిరియాల కషాయం, కరక్కాయ, తేనె, పటికబెల్లం అన్నీ అయ్యాయి. సీజను నడుస్తోంది. పంట చేతికొచ్చి, చేలు ఖాళీగా ఉన్న రోజులు. ఊరూరా తీర్థాలు. ఒప్పుకున్న ఆటలున్నాయి. రోజూ ఎవరో ఒకరు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. ఒంట్లో బాగాలేదని నేను చెప్పి పంపేసేవాణ్ణి.

*

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆ మిషను మీది తువ్వాలు తీశాను. దుమ్ము పడితే పాడైపోతుందని అబ్బాయిరాజు చెప్పాడు, అందుకే తీశాను. తుడిచాక ఊరికే ఉండలేక మీట నొక్కి, అదే పద్యం ఐదు శ్రుతిలో పాడాను. తలుపులన్నీ వేసి ఉన్నాయి. నా మొహం ఎవరూ చూడ్డం లేదు. ఒక్కణ్ణే గనక గొంతు విప్పి పాడాను. జీవితంలో అంత గట్టిగా పాడలేదు అంతకుముందు.

వెనక్కి తిప్పి పెట్టుకున్నాను. వినిపించింది నా గొంతేనని నమ్మలేకపోయాను. పైకి వెళ్లింది. నిలిచింది. నెమ్మదిగా, తన ఇష్టం వచ్చినట్టు దిగింది.

వంటింట్లోంచి వదిన పరుగులాంటి నడకతో వచ్చింది. చేతులకి పిండి. కళ్లల్లో నీళ్లు. "ఏవండీ, గొంతు వచ్చేసిందండీ," అంటూ వచ్చి, గదిలో నన్నొక్కణ్ణే చూసి గుమ్మంలో ఆగిపోయింది.

అన్నయ్య వెనక వరండాలో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. ఆయనా విన్నాడు. లేచి వచ్చి వదిన వెనక నిలబడ్డాడు. నావైపు చూడలేదు. తిరుగుతున్న చక్రాల వైపు చూశాడు. టేపు అయిపోయి, చివరి ముక్క టపటపా కొట్టుకుంటూ ఉంది.

"మళ్లీ పెట్టు," అన్నాడు.

ఆ సాయంత్రం అబ్బాయిరాజుని పిలిపించాడు. ముగ్గురం తలుపేసుకుని మాట్లాడుకున్నాం, అంటే వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు, నేను విన్నాను. మిషనులోంచి వైరు లాగి మైకుసెట్టుకి తగిలిస్తే పద్యం హారను లోంచి వస్తుంది. మాటలు అన్నయ్య తన గొంతుతోనే చెప్తాడు. పద్యం వచ్చేసరికి పెదవులు కదుపుతాడు. మిషను తెర వెనక నా పక్కనే, దుప్పటి కింద ఉంటుంది. హార్మణీ మెట్ల మీద నా వేళ్లు ఊరికే నడుస్తాయి.

"హారన్లో ఎవరి గొంతైనా ఒకటేనండి," అన్నాడు అబ్బాయిరాజు. "పైగా మీరిద్దరూ ఒక తల్లి పిల్లలు."

అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ సీజను ఒక్కటేరా. ఒప్పుకున్నవి అయిపోతే పరువుగా మానేస్తాను. నువ్వు నాకోసం రెండేళ్లు శ్రుతి దించావు. ఇదీ అలాంటిదే అనుకో."

నేను సరేనన్నాను. అయిష్టంగా అనలేదు. నిజం చెప్పాలంటే సంతోషంగానే అన్నాను. నా గొంతు జనంలోకి వెళ్తుంది కదా, ఎలా వెళ్తేనేం అనుకున్నాను.

ప్రతి పద్యం రెండుసార్లు పాడించాడు. "రెండోది వన్స్‌మోర్‌కి. అందులో రాగం ఇంకాస్త పొడుగు తియ్యి," అన్నాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ఏడుపు జీర రావాలో చెప్తూ పక్కనే నిలబడ్డాడు. ఆయనకి పద్యం తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ పదిహేను రోజులూ మేమిద్దరం ఉన్నంత దగ్గరగా అంతకుముందు ఎప్పుడూ లేం. ఒకసారి నేను పాడుతుంటే ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

*

మొదటి ఆట అత్తిలిలో. కరెంటున్న ఊరు కాబట్టి ధైర్యం చేశాం. దీపాలు పెట్టే వేళకే పందిరి నిండిపోయింది. అన్నయ్య ఒంట్లో బాగాలేదని పుకారు వెళ్లింది గనక జనం ఇంకా ఎక్కువ వచ్చారు. పద్యం వేళయింది. అన్నయ్య కత్తి పిడి మీద చెయ్యి వేసి, తలెత్తి, ఊపిరి పీల్చాడు. నేను తల ఊపాను. అబ్బాయిరాజు మీట నొక్కాడు.

పందిరి అంతటా, పైనుంచి, నాలుగు హారన్ల నుంచి నా గొంతు వచ్చింది. అన్నయ్య పెదవులు ఒక్క అక్షరం తప్పలేదు. రాగం తీసేటప్పుడు మెడనరాలు కూడా పొంగించాడు. పద్యం అయ్యాక పందిరి లేచిపోతుందేమో అన్నట్టు అరిచారు. వన్స్‌మోర్ అన్నారు. రెండోది పెట్టాం.

నేను తెర సందులోంచి చూస్తున్నాను. ముందు వరసలో ఒక ముసలాయన చేతులు జోడించి, కన్నీళ్లు కారుతుంటే, అన్నయ్య వైపే చూస్తున్నాడు. ఆ నీళ్లు నావి అనిపించింది. వెంటనే, కావు అనిపించింది.

తెల్లవారాక ఊరి పెద్దలు అన్నయ్యకి శాలువా కప్పి వెండి కప్పు ఇచ్చారు. అన్నయ్య ఆ కప్పు తెచ్చి ఏమీ మాట్లాడకుండా నా హార్మణీ పెట్టెలో పెట్టాడు. ఇంటికొచ్చాక వదిన అది తీసి తుడిచి, మిగతా కప్పుల పక్కన అద్దాల బీరువాలో పెట్టింది. ఆవిడ తప్పేమీ లేదు. కప్పులెప్పుడూ అక్కడే ఉంటాయి.

ఉండిలో ఆడాం. గూడెంలో ఆడాం. ఏలూరులో రెండు ఆటలాడాం. ఇదివరకు లేనంత పేరొచ్చింది. ఈ వయసులో గొంతు ఇలా తిరిగి రావడం సరస్వతీ కటాక్షమన్నారు. ఏలూరు ఆట అయ్యాక రంగు తుడుచుకుంటూ, రాణి వేషం వేసే రత్నమాణిక్యం నా దగ్గరికి వచ్చింది. చాలాకాలంగా అన్నయ్య పక్కన వేషం కడుతున్న మనిషి.

"వీర్రాజుగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి," అంది. "ఇదివరకు ఆయన పద్యం పాడుతుంటే నా మొహం మీద తుంపర్లు పడేవండి. ఊపిరి తగిలేది. ఇప్పుడు పక్కన నిలబడితే గాలి కూడా రావడం లేదు."

నేను హార్మణీ బెల్టు బిగిస్తూ ఉండిపోయాను.

"నేనెవరికీ చెప్పనులెండి. నాకూ ఆటలు కావాలి కదా," అంది. రెండడుగులు వేసి ఆగింది. "బాగా పాడుతున్నారు మీరు."

ఆ వేసవి మొత్తానికి, హారన్లలో పాడింది నేనేనని తెలిసి బయటివాళ్లు నాతో అన్న మంచిమాట అదొక్కటే.

*

కొల్లేటి లంకల నుంచి పెద్దింటయ్య వచ్చాడు. ఏటా వైశాఖంలో వాళ్ల అమ్మవారి తీర్థానికి అన్నయ్య ఆట ఉండాల్సిందే. చేపలు పట్టుకునే ఊరు. స్టేజీ అంటే నాలుగు బల్లలు, రెండు పెట్రోమాక్సు లైట్లు. దోనెల్లో చుట్టుపక్కల లంకలవాళ్లంతా వచ్చి, నీళ్లలో దోనెల మీదే కూర్చుని చూసేవారు. అన్నయ్యకి ఇంకా పేరు లేనప్పుడు ముందుగా పిలిచిన ఊరు అదే.

పెద్దింటయ్య అరుగు మీద కూర్చోకుండా మెట్టు మీద కూర్చున్నాడు. తడిగుడ్డ కప్పిన బుట్టలో కొరమేనులు తెచ్చాడు.

"ఈ ఏడు కుదరదు పెద్దింటయ్యా," అన్నాడు అన్నయ్య.

"అదేటి బాబూ. మిగతా ఊళ్లు ఎళ్తన్నారు కదండి."

"ఒంట్లో బాగుండడం లేదు. నీళ్ల మీద ప్రయాణం పడదు."

పెద్దింటయ్య మా ఇంటి లోపలికి, ఎక్కడో చూశాడు. "మేమంతా ఏలూరొచ్చి ఇన్నామండి మొన్న. కుర్రతనంలో కూడా అలా పాడలేదు బాబుగారు అనుకున్నాం. మా ఊరికి కరెంటు లేదనాండి? మైకు లేకపోతేనేటండి. తవరి గొంతుకి మైకెందుకు. మేం ఎప్పుడైనా పెట్టేమా?"

అన్నయ్య మొహం నల్లబడింది. లోపలికి వెళ్లిపోయాడు. నేను పెద్దింటయ్యని వీధి చివరిదాకా సాగనంపాను. "ఆయన రాపోతే తవరన్నా రండి బాబూ, హార్మణీ పట్టుకుని. అమ్మోరి ముందు నాలుగు ముక్కలు పాడితే చాలు," అన్నాడు. చూస్తానన్నాను.

ఆ వారంలోనే బెజవాడ రేడియో స్టేషనులో పద్యాలు పాడేవాళ్లని పరీక్షకి పిలుస్తున్నారని అబ్బాయిరాజు చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. రేడియోకి మొహం అక్కర్లేదు. గుంటలు, తెల్లకన్ను ఎవరికీ కనపడవు. గొంతు ఉంటే చాలు. ఇన్నేళ్ల తరవాత నా ఒక్కడి కోసమే తయారుచేసినట్టున్న పని ఒకటి లోకంలో ఉంది.

పొద్దున కాఫీ తాగేటప్పుడు అన్నయ్యతో చెప్పాను. వదిన అక్కడే కూర చిక్కుళ్లు తుంచుతోంది.

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. కోప్పడలేదు. చాలా మెత్తగా మాట్లాడాడు.

"నువ్వు పాడితే జనం వింటారు. విని ఏమంటార్రా?"

"ఏమంటారు?"

"సూర్రావుని అనుకరిస్తున్నాడంటారు. ఆ గొంతు నాదని ఈ జిల్లా అంతా తెలుసు. రెండోదానికి చోటెక్కడుంది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఆ గొంతు నాది కదా అన్నయ్యా," అన్నాను.

"నాకు తెలుసు. నీకు తెలుసు. అదే చెప్తున్నాను. అది బయటపడితే ఇన్నేళ్లుగా నేను పాడిందంతా దొంగపాటే అంటారు. అప్పటివి నేనే పాడాను వీర్రాజూ. ఆ పాడిందంతా కూడా పోతుంది."

అది అబద్ధం కాదు. వదిన చిక్కుళ్ల పళ్లెం పక్కకి జరిపి నావైపు చూసింది. "ఈ సీజను అయ్యేదాకా ఆగు నాయనా," అంది. "మీ అన్నయ్య మానేశాక వెళ్దువుగాని."

"మానేస్తాడా?" అన్నాను.

వదిన చిక్కుళ్ల పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కుంది. వచ్చే ఏడాది ఆటలకి కూడా అప్పటికే మాట ఇచ్చేశాడని నాకు తరవాత తెలిసింది.

మర్నాడు పొద్దున లేచి ముందుగదిలోకి వెళ్లేసరికి మిషను పెట్టెకి తాళం వేసి ఉంది. ఇత్తడి తాళం, కొత్తది. తాళంచెవి అన్నయ్య మొలతాడుకి కనపడింది. నేను ఆ టేపులు చెరిపేస్తానని ఆయనకి భయం వేసిందన్నమాట. అది చూసే వరకూ అలాంటి ఆలోచన నాకు రాలేదు. చూశాక కూడా కోపం రాలేదు. ఏదో అయిపోయిందనిపించింది, అంతే. పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కున్నాను. వదిన ఎప్పటిలాగే కాఫీ ఇచ్చింది. తాగాను.

బట్టలు, హార్మణీ సర్దుకుంటుంటే అన్నయ్య గుమ్మంలోకి వచ్చాడు. ఎక్కడికని అడగలేదు. "గూడెంలో ఆటుంది ఆదివారం," అన్నాడు.

"అబ్బాయిరాజు ఉన్నాడు కదా," అన్నాను. "మీట నొక్కడమే కదా."

ఆదివారం ఆట జరిగింది. బ్రహ్మాండంగా జరిగిందని విన్నాను. నేను ఇల్లు వదిలొచ్చాను గాని నా గొంతు అక్కడే ఉండి ఆయన పని చేసిపెడుతోంది.

*

అన్నయ్య మాట మనసులో ఉండి బెజవాడ వెళ్లలేకపోయాను. ఏలూరు నుంచి కొల్లేటి ఒడ్డు దాకా బండి మీద, అక్కణ్ణుంచి దోనె మీద పెద్దింటయ్య ఊరు వెళ్లాను. ఎండలకి సరస్సు లోపలికి జరిగిపోయి, ఒడ్డంతా బురద ఎండి బీటలు వారింది. మధ్యలో మిగిలిన నీళ్ల చుట్టూ పక్షులు. అన్నయ్య రాలేదని కొందరు పెదవి విరిచారు. అయినా పద్ధతిగా చూసుకున్నారు. చేపలపులుసు, వేడి అన్నం పెట్టారు. నా మొహం చూసి ఎవరూ మొహం తిప్పుకోలేదు.

చీకటి పడుతూండగా అమ్మవారి గుడిసె ముందు బల్ల మీద కూర్చున్నాను. పెట్రోమాక్సు లైటు సూటిగా నా మొహం మీద పడుతోంది. పక్కకి జరపమందామనుకుని మానేశాను. హార్మణీ మీద చేతులు పెట్టాను. ఐదు శ్రుతి. ఎవరి కోసమూ దించనక్కర్లేదు.

పాడాను. ముందు వణికింది. రెండో పద్యానికి కుదురుకుంది. మైకు లేదు, హారన్లు లేవు. గొంతు నా ఛాతీలోంచి వెళ్లి నీళ్ల మీద పరుచుకుని, అవతల దోనెల్లో కూర్చున్న ఆడవాళ్ల దాకా వెళ్లడం నాకు తెలుస్తోంది. రాజు భార్యని వెతుక్కునే పద్యం చివర్లో పాడాను. మా ముందుగదిలో, దుప్పట్లు కట్టిన కిటికీల మధ్య పాడినదానికంటే బాగా పాడాను. ఇది నా గొప్పకి చెప్పుకోవడం కాదు. పాడేవాడికి తెలుస్తుంది.

జనం చివరిదాకా కూర్చున్నారు. చప్పట్లు కొట్టారు. ఎవరూ వన్స్‌మోర్ అనలేదు.

పొద్దున్నే పెద్దింటయ్య నన్ను ఒడ్డుకి తీసుకొచ్చాడు. నీళ్ల డబ్బాలో రెండు కొరమేనులు వేసి దోనెలో పెట్టాడు. ఏదో చెప్పాలని చూస్తున్నాడు, సంకోచిస్తున్నాడు. చెప్పు పెద్దింటయ్యా అన్నాను.

"ఏటీ అనుకోకండి బాబూ. బాగా పాడేరండి. కళ్లు మూసుకుంటే అచ్చం అన్నగారే. మావోళ్లంతా అదే మాట." తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "కాపోతే ఆయన గొంతులో ఆ పస ఏరండి. ఏలూర్లో ఇదే పద్యం ఇన్నాం కదండి మొన్న. నా కళ్లమ్మట నీళ్లు ఆగలేదు. తవరిది నేర్చుకున్న పాట, ఆయనది లోపల్నుంచి వచ్చింది. తవరికి వయసుంది. అన్నగారి దగ్గరే ఉండి ఇంకొన్నాళ్లు నేర్చుకోండి. తప్పకుండా వస్తాది."

ఆ మనిషి నాకు మంచి చెయ్యాలనే అన్నాడు. ఆయన కళ్లల్లోకి చూస్తే తెలుస్తూనే ఉంది.

"అలాగే, నేర్చుకుంటాను," అన్నాను.

పెద్దింటయ్య మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, నా దోనెను లోతుకి నెట్టాడు.